అప్‌డేట్: పందికొక్కు కాలేయంలో దొరికింది కొత్త జాతి పురుగు కాదు

కావలి దగ్గర మా వరిచేలో పట్టిన పందికొక్కుల కాలేయం మీద తెల్లబొబ్బలున్నాయి, లోపల మడతలు పడిన పురుగుంది, కొత్త జాతేమో అని అడిగాను గదా. తేలిపోయింది.

పురుగుని ఫార్మలిన్‌లో (నమూనాలు కుళ్లకుండా వాడే మందునీళ్లు) వద్దు, 70 శాతం ఆల్కహాల్‌లో వేసిపెట్టు, డీఎన్ఏ చెడదు అని అప్పుడు చెప్పిన అన్నకి థ్యాంక్స్. ఆ సీసానే పశువైద్య కళాశాలలో పరాన్నజీవుల మేడమ్‌కి ఇచ్చాను. డీఎన్ఏ దాకా పోనే లేదు. సూక్ష్మదర్శిని కింద పురుగు తల పెట్టి నాలుగు చూషకాలు (పేగుకి అతుక్కునే గిన్నెల్లాంటివి), రెండు వరసల కొక్కేలు నాకే చూపించారు. టీనియా టీనియేఫార్మిస్ అనే బద్దెపురుగు (టేప్‌వార్మ్) పిల్లదశ అంట. ఇప్పుడు హైడాటిజెరా టీనియేఫార్మిస్ అని కూడా రాస్తున్నారు, వెతికేవాళ్లు రెండు పేర్లతోనూ వెతకండి. పెద్దపురుగు ఉండేది పిల్లి పేగులో. పిల్లి మలంతో గుడ్లు బయటికొస్తాయి, అవి కడుపులోకి పోయిన ఎలుకకి కాలేయంలో బొబ్బ కడుతుంది, ఆ ఎలుకని మళ్లీ పిల్లి తింటుంది. మా వడ్లకొట్టు చుట్టూ తిరిగే పిల్లులకి లెక్కే లేదు, నాకు తట్టనే లేదు!

చేలో చల్లిన గుళికల మందు వల్లేమో అనుకోవద్దు, దానికీ దీనికీ సంబంధం లేదు. మనుషులకి సోకడం చాలా అరుదంట. ఇంట్లో పిల్లికి మాత్రం నులిపురుగుల మాత్ర వేయించాను.

కొత్త జాతికి మా ఊరి పేరు పెడదామనుకున్నా, పోయింది.