డ్రైవర్ ఫంక్షన్ టేబుల్ ర్యామ్‌లోనా, ఫ్లాష్‌లోనా?

ప్రశ్న (హనుమకొండ నుంచి):
ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తిలో తేమ చూసే బోర్డు చేస్తున్నా. చిప్ ఎస్‌టీఎం32ఎఫ్103సీ8, ర్యామ్ 20 కేబీ, ఫ్లాష్ (కరెంటు పోయినా చెరగని మెమరీ) 64 కేబీ. సెన్సర్లు 24, రకాలు మూడే. బోర్డు ఆన్ కాగానే ఏది ఏ రకమో కనిపెట్టి, ఒక్కో సెన్సర్‌కు 10 ఫంక్షన్ పాయింటర్ల (ఫంక్షన్ల అడ్రసుల) టేబుల్ ర్యామ్‌లో నింపుతున్నా. పాయింటర్‌కు 4 బైట్లు, మొత్తం 960 బైట్లు. స్టాక్‌కు (ఫంక్షన్లు నడిచేటప్పుడు వాడుకునే ర్యామ్ భాగం) చోటు చాలదేమోనని టెన్షన్. ఏం చేయమంటారన్నా?

జవాబు 1:
తమ్మీ, రన్‌టైమ్‌లో తేలాల్సింది రకం ఒక్కటే, టేబుల్ కాదు. రకానికొకటి చొప్పున మూడు టేబుళ్లు కాన్‌స్ట్‌గా (మారనివిగా) రాయి, 120 బైట్లు ఫ్లాష్‌లో కూర్చుంటాయి. సెన్సర్‌కు ఒక్క పాయింటర్ చాలు, ర్యామ్‌లో 96 బైట్లే. టేబుల్ నింపే కోడ్ కూడా పోతుంది. కాన్‌స్ట్ మాత్రం మరవకు. లేకుంటే అదే టేబుల్ ఫ్లాష్‌లోనూ, ర్యామ్‌లోనూ చోటు తింటుంది. మ్యాప్ ఫైల్‌లో (ఏది ఏ మెమరీలో ఉందో లింకర్ రాసే జాబితా) రోడేటా (చదవడానికి మాత్రమే ఉండే డేటా) కింద ఉందో లేదో చూసుకో. ఇంకో లాభం, ర్యామ్‌లో బఫర్ పొంగినా ఫంక్షన్ అడ్రసులు చెడవు. లైనక్స్ డ్రైవర్లలో ఫైల్ ఆపరేషన్ల టేబుల్‌ను కాన్‌స్ట్‌గా పెట్టేదీ ఇందుకే.

జవాబు 2 (కరీంనగర్):
పై మాట సరైనదే. కానీ ప్రతి కాల్‌కు మెమరీ నుంచి ఒక లోడ్ అదనం. ఇంటరప్ట్‌లో (నడుస్తున్న పనిని ఆపి వెంటనే చేసే పనిలో) పిలిచే రీడ్ ఫంక్షన్ ఒక్కదాన్ని నేరుగా సెన్సర్ స్ట్రక్చర్‌లో పెట్టుకోండి, ఇంకో 96 బైట్లు. మిగతా తొమ్మిదీ ఫ్లాష్‌లోనే ఉండనీయండి.

ప్రశ్న అడిగినవారు:
మంచిదన్నా. రీడ్ ఇంటరప్ట్‌లోనే ఉంది, అట్లనే మారుస్తా.