అనంతగిరి ఘాట్‌లో పీ0087 కోడ్, లింప్ మోడ్: పంపు మార్చాల్సిందేనా?

గాజువాక_1248: బండి 1.3 కామన్ రైల్ డీజిల్, 1,20,000 కి.మీ. ఎస్.కోట దాటి ఘాట్‌లో మూడో గేరులో గట్టిగా తొక్కితే చెక్ లైటు వెలిగి, పీ0087 కోడ్ పడి, బండి లింప్ మోడ్‌లోకి (ఇంజిన్ తనంతట తానే శక్తి తగ్గించుకోవడం) వెళ్లి లాగడం మానేస్తోంది. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే స్టార్టవుతుంది, వేడి మీద మాత్రం పది సెకన్లు కొట్టాలి. హైప్రెషర్ పంపు పోయిందంటున్నారు. నిజమేనా?

రైల్‌_ప్రెషర్: అప్పుడే పంపు కొనకండి. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) అడిగినంత ప్రెషర్ రైల్‌లో (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం) రాలేదనే ఆ కోడ్ అర్థం, ఎందుకు రాలేదో అది చెప్పదు. ముందు డీజిల్ ఫిల్టర్ మార్చి, అక్కడ చేరిన నీళ్లు బయటికి వదిలేయండి. పంపుకెళ్లే పైపులో పారదర్శక గొట్టం ముక్క పెట్టి గాలి బుడగలు చూడండి. స్కానర్‌లో చూస్తే ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) సుమారు 250-300 బార్ ఉండాలి. వేడి మీద సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎంతుందో రాసుకోండి. 150 దరిదాపులకైనా రాకపోతే ఈసీయూ ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి) తెరవదు.

నాజిల్‌_పని: చల్లగా బాగుండి వేడికి మొరాయిస్తోందంటే నా అనుమానం ఇంజెక్టర్ రిటర్న్ (ఇంజెక్టర్ నుంచి తిరిగి ట్యాంకుకు వెళ్లే డీజిల్) మీదే. వేడెక్కిన డీజిల్ పల్చబడి, అరిగిన వాల్వు సీటు గుండా ఎక్కువగా వెనక్కి కారిపోతుంది. నాలుగు రిటర్న్ పైపులూ ఊడదీసి ఒక్కోదాన్ని ఒక్కో కొలత సీసాలోకి పెట్టండి, ట్యాంకు వైపు పైపు మూసేయండి. వేడి ఇంజిన్‌ని రెండు నిమిషాలు ఐడిల్‌లో నడపండి. ఎన్ని మి.లీ. వచ్చిందన్నదాని కంటే నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. ఇంజిన్ నడుస్తుండగా హైప్రెషర్ పైపు నట్టు మాత్రం ముట్టుకోవద్దు. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

గాజువాక_1248: కొత్త ఫిల్టర్ వేశాను, బుడగల్లేవు. వేడి మీద సెల్ఫ్‌కి 110 బార్. రిటర్న్ 18, 20, 61, 19 మి.లీ.

నాజిల్‌_పని: మూడోదే దొంగ. ఆటోనగర్‌లో టెస్ట్ బెంచీ (ఇంజెక్టర్లు పరీక్షించే యంత్రం) ఉన్నచోట పెట్టించి, వాళ్ల రిపోర్టు చూశాకే రిపేరా, కొత్తదా తేల్చుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఇంజెక్టర్ కింది రాగి వాషర్ కొత్తదే వేయాలి, సీటులో మసి గీకాలి. లేకపోతే కంప్రెషన్ పక్కనుంచి లీకై ఇంజెక్టర్ చుట్టూ తారులా గట్టిపడుతుంది.

రైల్‌_ప్రెషర్: ఇంకోటి, దీన్ని చాలామంది వదిలేస్తారు. కొత్త ఇంజెక్టర్ వేస్తే, దాని మీద రాసి ఉన్న సొంత కోడ్‌ని స్కానర్‌తో మూడో సిలిండర్‌కి ఎక్కించాలి, లేదంటే ఐడిల్ కుదురుగా ఉండదు, పొగ వస్తుంది. పాత ఫిల్టర్‌ని పారేసే ముందు కోసి చూడండి. లోపల మెరిసే లోహపు పొడి కనిపిస్తే మాత్రం పంపు అరిగిపోతున్నట్టే. అప్పుడు పంపుతో పాటు ట్యాంకు, రైల్ కడిగి, పైపులు మార్చి, నాలుగు ఇంజెక్టర్లూ బెంచీ ఎక్కించకపోతే కొత్త పంపు కూడా నిలబడదు.