తుపాకి మడమ: బిగించడమా, కూర్చోబెట్టడమా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. నేను టెక్సస్‌లో ఉంటాను. నా ఎం1 గరాండ్ రైఫిల్‌కి పాత చెక్క బాగా అరిగిపోయింది, దాన్ని తీసేసి కొత్త వాల్‌నట్ చెక్క వేస్తూ తెలుగులో ఒక వీడియో చేస్తున్నాను. 'స్టాక్ ఫిట్టింగ్' అనడానికి 'మడమ బిగించడం' అని రాసుకున్నాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ, రెండు మాటలతోనూ పేచీ ఉంది. మడమ మంచి మాటే, పేపర్లో 'తుపాకీ మడమలతో కొట్టారు' అని చదువుతూనే ఉంటాం, అక్కడ అది అచ్చంగా అతుకుతుంది, ఎందుకంటే కొట్టేది భుజానికి ఆనించే ఆ చివరి భాగంతోనే. కానీ గరాండ్ స్టాక్ అక్కడితో ఆగదు. భుజం దగ్గర మొదలై, గుప్పిట్లో పట్టే సన్నటి భాగం దాటి, రిసీవర్, అంటే తూటా ఎక్కి పేలే యంత్రాంగం ఉండే ఇనుప భాగం, దాని కింద నుంచి గొట్టం వెంట ముందుకి సాగే ఒకే చెక్క అది. దాన్నంతా మడమ అంటే వినేవాళ్లు వెనక ముక్క ఒక్కటే మారుస్తున్నారనుకుంటారు. మొదటిసారి 'స్టాక్, అంటే తుపాకి చెక్క' అని చెప్పి, ఆ తర్వాత చెక్క అనేయండి. మడమని దాని చోటికే ఉంచండి, వెనక ఇనుప పట్టీ వేసేది అక్కడే, శుభ్రం చేసే సామాను దాచుకునే చిన్న మూత ఉండేదీ ఆ పట్టీకే.

ఇక బిగించడం. మనకి బిగించడం అనగానే స్క్రూడ్రైవర్ గుర్తొస్తుంది. జాన్ గరాండ్ గీసిన ఈ రైఫిల్‌ని అమెరికా సైన్యం 1936లో తీసుకుంది, దాని అందమంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది: గొట్టం-రిసీవర్ ఒక భాగం, చెక్క ఒక భాగం, ట్రిగ్గర్ సరంజామా ఒక భాగం, ఈ మూడింటినీ పట్టి ఉంచేది మర కాదు, ట్రిగ్గర్ గార్డు, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప వంపు. దాన్ని వెనక్కి మడిచి మూస్తే ఇనుముకీ ఇనుముకీ మధ్య చెక్క నలిగి నిలబడుతుంది. కాబట్టి బిగించే పని లేదు, బిగువు మాత్రం ఉండాలి. పాత చెక్క అణిగిపోతే గార్డు చేతికి ఏమీ తగలకుండా టక్కున మూసుకుంటుంది, పేల్చిన ప్రతిసారీ రిసీవర్ కొంచెం కదిలి గురి చెదురుతుంది. కొత్త చెక్కకి దీనికి ఎదురు ఇబ్బంది, ఒక్కోసారి గార్డు అసలు మూతే పడదు.

అప్పుడు బలం పెట్టకూడదు. ఇనుముకి పల్చగా మసి పూసి, చెక్కలో పెట్టి తీస్తే ఎక్కడ తగులుతోందో అక్కడ నల్లగా అంటుకుంటుంది, అంతమేరే గీకాలి, మళ్లీ పెట్టి చూడాలి. వడ్రంగి కొత్త తలుపుని వాకిట్లో పెట్టి, తీసి, రుద్ది, మళ్లీ పెట్టే పని ఇది, దానికి వాళ్లు వాడే మాట 'కూర్చోబెట్టడం'. మీ వీడియోకి అదే సరైన క్రియ అని నా గట్టి అభిప్రాయం. తీసిన చెక్క మళ్లీ రాదు కాబట్టి 'చెక్కడం' అనొద్దు, 'గీకడం' అనండి, చూసేవాడు ఉలి తీసుకుని మొదలెట్టకుండా ఉంటాడు.

మరొకరు: 'అమర్చడం' అంటే సరిపోదా సార్? తేలిగ్గా ఉంటుంది కదా, వ్యాసాల్లో అందరూ అదే రాస్తారు.

జవాబు: అమర్చడంలో ఓపిక వినపడదమ్మా. ఫ్యాను అమరుస్తాం, కెమెరా అమరుస్తాం, వస్తువు తయారై వస్తుంది, తగిలిస్తే అయిపోతుంది. ఇక్కడ సగం పని చెక్కని ఇనుముకి తగ్గట్టు చేయడమే. 'ఒదిగించడం' అన్నా నాకు ఇష్టమే, కాకపోతే మాట్లాడేటప్పుడు కొంచెం పుస్తకాల వాసన వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. 'చెక్క కూర్చోబెట్టడం' అనే పెడతాను. పని మొదలుపెట్టే ముందు క్లిప్పు తీసి, చాంబర్, అంటే తూటా కూర్చునే గది, ఖాళీగా ఉందని కంటితో, వేలితో చూసుకోవడం కూడా చూపిస్తున్నాను. చివర్లో పూసే నూనెని లిన్‌సీడ్ ఆయిల్ అనే అన్నాను.

జవాబు: అవిసె నూనె అనండి, ఊళ్లలో అందరికీ తెలిసిన మాట. ఆ నూనె తుడిచిన గుడ్డని ముద్దగా చుట్టి పడేయొద్దని కూడా చెప్పండి, అది ఆరేటప్పుడు తనంతట తనే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, విడదీసి బయట ఆరేయాలి.