టైప్‌స్క్రిప్ట్‌లో ఒక ఫీల్డు విలువను బట్టి ఇంకో ఫీల్డు తప్పనిసరి కావాలంటే టైపు ఎలా రాయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. టైప్‌స్క్రిప్ట్‌లో (టైపులు చేర్చిన జావాస్క్రిప్ట్‌లో) నేను రాస్తున్న బిల్లింగ్ ప్రోగ్రాములో, కొనేవారు మామూలు వినియోగదారు అయితే పేరు చాలు. జీఎస్‌టీ నమోదు ఉన్న వ్యాపారి అయితే 15 అక్షరాల జీఎస్‌టీఐఎన్ (జీఎస్‌టీ నమోదు సంఖ్య) కూడా తప్పనిసరి. ఇద్దరికీ ఒకే ఇంటర్‌ఫేసు (ఏయే ఫీల్డులు ఉండాలో చెప్పే టైపు) పెట్టి, జీఎస్‌టీఐఎన్ పక్కన ప్రశ్నార్థకం చేర్చి ఆప్షనల్ చేశాను. దాంతో ఆ ఫీల్డును వాడిన ప్రతిచోటా కంపైలర్ అభ్యంతరం చెప్పడం, నేను ‘విలువ తప్పక ఉంది’ అని చెప్పే ఆశ్చర్యార్థకం పెట్టి దాని నోరు మూయించడం అలవాటైపోయింది. పోయిన వారం ఒక వ్యాపారికి వెళ్ళిన బిల్లులో నంబరు ఉండాల్సిన చోట ‘అన్‌డిఫైన్డ్’ అని అచ్చయింది. సరైన పద్ధతి ఏమిటి?

జవాబు 1:
రకానికీ నంబరుకూ సంబంధం ఉందన్న సంగతి మీ ఇంటర్‌ఫేసులో ఎక్కడా లేదండీ, అందుకే కంపైలర్‌కు అది తెలియదు. వినియోగదారుకు ఒకటి, వ్యాపారికి ఒకటి చొప్పున రెండు టైపులు రాసి, రెండింటిలోనూ ‘రకం’ అనే ఫీల్డుకు వేర్వేరు లిటరల్ (మారని, స్థిరమైన) విలువలిచ్చి, ఆ టైపులను యూనియన్‌గా (ఇదో అదో ఏదో ఒకటి అనే టైపుగా) కలపండి. దీన్నే డిస్క్రిమినేటెడ్ యూనియన్ అంటారు, 2016లో టైప్‌స్క్రిప్ట్ 2.0 వెర్షన్‌తో వచ్చింది. రకం ‘వ్యాపారి’ అని ఇఫ్‌లో పరీక్షించాక, ఆ బ్లాకులో జీఎస్‌టీఐఎన్ కచ్చితంగా స్ట్రింగే కాబట్టి ఆశ్చర్యార్థకంతో పని ఉండదు. రాష్ట్ర కోడ్ కోసం మొదటి రెండు అంకెలను (తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37) నేరుగా తీసుకోవచ్చు. స్విచ్ చివర డిఫాల్ట్‌లో ఆ విలువను ‘నెవర్’ (ఏ విలువా ఉండలేని) టైపు వేరియబుల్‌కు ఇస్తే, రేపు విదేశీ కొనుగోలుదారును చేర్చినప్పుడు మీరు మరిచిపోయిన చోటు కంపైల్ దశలోనే బయటపడుతుంది.

అడిగినవారు:
ధన్యవాదాలండీ, బిల్లు భాగం కుదిరింది. అయితే ఫారంలో ‘వ్యాపారి’ అని ఎంచుకొని నంబరు ఇంకా కొట్టని స్థితి ఒకటి ఉంటుంది కదా, అది ఈ యూనియన్‌లో ఇమడటం లేదు.

జవాబు 2:
ఇమడకూడదు కూడా. సగం నిండిన ఫారం వేరు, బిల్లుకు సిద్ధమైన వివరం వేరు. ఫారానికి అన్నీ ఆప్షనల్‌గా ఉన్న చిత్తుప్రతి టైపు పెట్టుకొని, దాన్ని పరీక్షించి యూనియన్ విలువనో తప్పుల జాబితానో తిరిగిచ్చే ఫంక్షన్ ఒక్కటి రాయండి. బిల్లు వేసే కోడ్ యూనియన్‌ను మాత్రమే తీసుకోవాలి. సర్వర్‌లోనూ ఆ ఫంక్షన్ నడపక తప్పదు, ఎందుకంటే ఈ టైపులు జావాస్క్రిప్ట్‌గా మారేటప్పుడు చెరిగిపోతాయి, వచ్చిన డేటాను చదివే జేసన్ పార్స్ ఇచ్చేది ‘ఎనీ’ (కంపైలర్ ఏదీ పరీక్షించని టైపు) మాత్రమే. ఇంకొక మాట: ఈ యూనియన్ మీద నేరుగా ‘ఓమిట్’ (టైపులోంచి ఒక ఫీల్డును తీసేసే సాధనం) వాడకండి. అది రెండు టైపులకూ ఉమ్మడిగా ఉన్న ఫీల్డులను మాత్రమే మిగిల్చి, జీఎస్‌టీఐఎన్‌ను చడీచప్పుడు లేకుండా తీసేస్తుంది.