"పిలిచినవాడే సర్దాలి": ఎవరు?

ప్రశ్న: పాత 32 బిట్ ప్రోగ్రామ్ ఒకటి విప్పి చదువుతున్నాను. కాలింగ్ కన్వెన్షన్ల (ఒక ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు పాటించే పద్ధతుల) గురించి మా సీనియర్ చెప్పిన మాట సగమే గుర్తుంది: "పిలిచినవాడే స్టాక్ సర్దాలి." సర్దడమంటే, ఫంక్షన్‌కి పంపే విలువలు (ఆర్గ్యుమెంట్లు) పెట్టిన స్టాక్ మెమరీని తిరిగి ఖాళీ చేయడం. ఆ మాట సీడెక్ల్ (cdecl) అనే కన్వెన్షన్ గురించా, స్టడ్‌కాల్ (stdcall) గురించా? రెండు రోజులుగా బుర్ర తొలిచేస్తోంది.

జవాబు: సీడెక్లే. పిలిచినవాడు కాలర్, అంటే పిలిచే ఫంక్షన్. కాల్ కింద, స్టాక్ పాయింటర్‌ని 8 బైట్లు జరిపే "యాడ్ ఈఎస్‌పీ, 8" కనిపిస్తుంది చూడండి.

జవాబు: అప్పుడే తేల్చేయకండి. "నన్ను పిలిచినవాడు" కాలర్, "నేను పిలిచినవాడు" కాలీ, అంటే పిలుపు అందుకున్న ఫంక్షన్. ముందు మాట ఎగిరిపోతే "పిలిచిన" ఎటైనా తిరుగుతుంది. స్టడ్‌కాల్‌లో కాలీయే "రెట్ 8" అని, తిరిగి వెళ్లే ఆదేశంలోనే 8 బైట్లు సర్దేసి వెళ్తాడు. ఆయన అన్నది అదీ కావచ్చు.

జవాబు: "పిలవబడినవాడు" అంటే గొడవ ఉండదుగా?

జవాబు: ఆ "బడు" మన నోటికి ఎక్కదండీ. పోతన "పలికెడిది భాగవతమట" అన్నాడు. "పలుకబడునది" అనలేదు. ఆ వెంటనే "పలికించెడివాడు రామభద్రుండట". మొదటిది కర్మ, రెండోది కర్త. రెండింటికీ అదే "ఎడి". ఎంత హాయిగా ఉందో!

జవాబు: మాస్టారూ, ఆ పద్యంలోనే "నే పలికిన భవహరమగునట" ఉంది. అక్కడ "పలికిన" చేదర్థకం, అంటే పలికితే. మరి "పిలిచిన, వాడే సర్దాలి" అని విడగొట్టి చదవండి. పిలిస్తే వాడే సర్దాలి. స్టడ్‌కాల్!

జవాబు: వాడుక మాటలో చేదర్థకం అలా ఎవరంటారు? "పిలిస్తే" అనే అంటారు. పైగా ప్రింట్‌ఎఫ్ లాంటి ఫంక్షన్‌కి ఎన్ని ఆర్గ్యుమెంట్లు వస్తాయో ముందే తెలియదు, అందుకే అక్కడ కాలరే సర్దాలి. నేను సీడెక్ల్ వైపే. ఇంకొకటి, కాల్ పక్కనే "యాడ్" లేదని కంగారుపడొద్దు. రెండు మూడు కాల్స్‌కి కలిపి ఒకేసారి సర్దుతుంది కంపైలర్. నాలుగు బైట్లే అయితే "పాప్ ఈసీఎక్స్" (ఈసీఎక్స్ రిజిస్టర్‌లోకి తీసేయడం) కూడా పెడుతుంది. ఉత్త "రెట్" చూసి సీడెక్ల్ అని రాసేయకండి. మైక్రోసాఫ్ట్ ఫాస్ట్‌కాల్ అనే ఇంకో కన్వెన్షన్‌లో మొదటి రెండు ఆర్గ్యుమెంట్లూ ఈసీఎక్స్, ఈడీఎక్స్ రిజిస్టర్లలో పోతాయి, స్టాక్ మీద ఏమీ మిగలకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: నా దాంట్లో చివర "రెట్ 8" ఉంది. కానీ కాల్‌కి ముందు ఈసీఎక్స్‌లో ఒక అడ్రస్ పెడుతోంది. ఈడీఎక్స్‌ని తాకలేదు.

జవాబు: అయితే అది థిస్‌కాల్ (సీ++ ఆబ్జెక్ట్‌ల ఫంక్షన్లకి వాడే కన్వెన్షన్) అయ్యుంటుంది. ఈసీఎక్స్‌లోది ఆబ్జెక్ట్. స్టాక్ మీద రెండు ఆర్గ్యుమెంట్లు, సర్దేది కాలీ. ఆ ప్రోటోటైప్ (కన్వెన్షన్, ఆర్గ్యుమెంట్లు చెప్పే ఫంక్షన్ వివరణ) పెట్టి, మెషీన్ కోడ్‌ని చదవగలిగే కోడ్‌గా మార్చే డీకంపైలర్‌ని మళ్లీ నడపండి.

జవాబు: అది సరే, మీ సీనియర్ "పిలిచిన" దగ్గర కాస్త ఆగారా, ఒకే ఊపులో అనేశారా?