రైలు నుంచి దించిన పిల్లలు: ముందు ఇల్లా, ముందు కేసా?

పాకాల జంక్షన్ (చర్చ ప్రారంభం)

హౌరా వైపు నుంచి బెంగళూరుకు వెళ్లే రైళ్లు గూడూరు, రేణిగుంట మీదుగా పోతాయి. జనరల్ బోగీలో ఒకే ఊరి కుర్రాళ్లు గుంపుగా ఉంటారు. వెంట ఒక మేస్త్రీ. టికెట్లన్నీ అతని జేబులోనే. ఏ ఊళ్లో దిగాలో, ఏ పనిలో చేరాలో అడిగితే పిల్లలు అతని ముఖం చూస్తారు. అనుమానం వచ్చి ఆర్పీఎఫ్ (రైల్వే రక్షక దళం) వాళ్లు దించుతారు. 2022లో ‘ఆపరేషన్ ఆహ్ట్’ అని రైల్వే వాళ్లు ప్రత్యేకంగా మొదలుపెట్టింది దీనికోసమే, అంటే మనుషుల అక్రమ రవాణాను అడ్డుకోవడానికే.

ఇక్కడిదాకా పేచీ లేదు. మర్నాడు పత్రికలో ఫొటో కూడా వస్తుంది. నా ప్రశ్న ఆ తర్వాతి సంగతి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 24 గంటల్లోగా ఆ పిల్లలను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. బిడ్డను కన్నవాళ్ల దగ్గరికి చేర్చడం కమిటీ పని. పోలీసులకేమో సాక్షి కావాలి. పిల్లలు ఊరికి వెళ్లిపోతే మేస్త్రీ మీద కేసు నీరుగారిపోతుంది. ఉంచేస్తే, నేరం చేసినవాడు బెయిలు మీద బయట తిరుగుతుంటాడు, ఏ పాపం ఎరుగని పిల్లవాడు బాలల హోంలో ఉంటాడు.

నేను రైల్వేలో పనిచేసి రిటైరైనవాణ్ని. నా మట్టుకు కేసే ముందు. వాంగ్మూలం లేకుండా ఇంటికి పంపితే అదే మేస్త్రీ అదే పిల్లవాణ్ని మళ్లీ ఇంకో రైలెక్కిస్తాడు. మీరేమంటారు?

కాళహస్తి టీచరు

సార్, మీరు ప్లాట్‌ఫారం మీద నుంచి చూస్తున్నారు. నేను సెలవుల్లో ఒక హోంలో పిల్లలకు పాఠాలు చెబుతాను, పేరు ఎందుకులెండి. సంతాలీ (జార్ఖండ్, బెంగాల్, ఒడిశా వైపు గిరిజనుల భాష) తప్ప మరో భాష రాని పిల్లవాడు అక్కడ ఎలా గడుపుతాడో చూస్తే మీరు ఇంత నిబ్బరంగా ‘కేసే ముందు’ అని రాయలేరు. అన్నం పెడతారు, పక్క వేస్తారు. మాట్లాడేవాళ్లుండరు. తనను పట్టుకుని జైల్లో పెట్టారనే వాడి నమ్మకం.

చట్టం కూడా మీ పక్షాన లేదు. బిడ్డది వేరే ఊరని తేలి, పంపడమే మేలని కమిటీ ఆదేశిస్తే, 15 రోజుల్లో పోలీసు ఎస్కార్టు ఇచ్చి సొంత జిల్లా కమిటీకి అప్పగించాలి. ఆడపిల్లయితే మహిళా పోలీసు వెంట ఉండాలి. ఎస్కార్టుకు మనుషులు లేరనే జవాబుతో ఆ 15 రోజులు ఎంతగా సాగుతాయో నాకు తెలుసు. పిల్లవాడు కేసులో సీలు వేసి భద్రపరిచే వస్తువు కాదు.

అలిపిరి 517

దించినవాళ్లంతా పిల్లలేనా? ఆధార్‌లో 19 అని ఉంటుంది, చూస్తే మీసం కూడా రాలేదు. పెద్దవాడైతే ఎక్కడికైనా వెళ్లి పనిచేసుకునే హక్కు ఉంది. ఒడియా, బెంగాలీ మాట్లాడితే చాలు దించేయడం కూడా అన్యాయమే.

చిత్తూరు వకీలు

అలిపిరి గారు మంచి మాట అడిగారు. వయసు తేల్చడానికి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ఒక వరస పెట్టింది. మొదట బడి సర్టిఫికెట్, అది లేకపోతే పురపాలక సంఘమో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే వైద్య పరీక్ష. ఆధార్ ఆ వరసలో లేదు. అది పుట్టిన తేదీకి రుజువు కాదని 2024లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇక అసలు గొడవ. అక్రమ రవాణా నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్. పాత శిక్షాస్మృతిలో 370గా ఉండేది, 2013లో దాన్ని మార్చి విస్తరించారు. బాధితుడి సమ్మతిని లెక్కలోకి తీసుకోరు. బాలుడైతే కనీసం పదేళ్ల శిక్ష, ఒకరికంటే ఎక్కువమంది బాలలైతే కనీసం 14 ఏళ్లు. ఇంత కఠినమైన సెక్షన్ కోర్టులో ఎందుకు నిలబడదంటే, దోపిడీ చేసే ఉద్దేశంతోనే తీసుకెళ్తున్నాడని రుజువు చేయాలి. ఆ రుజువు రేణిగుంటలో దొరకదు. అడ్వాన్సు ఇచ్చిన సాక్ష్యం పిల్లల ఊళ్లో ఉంటుంది. పని చేయించుకునే యజమాని బెంగళూరులో ఉంటాడు. మధ్యలో మన చేతికి చిక్కేది టికెట్లు, మేస్త్రీ ఫోను, అంతే. ఆ ఫోనులోని నంబర్లను ఆ రోజే మూడు రాష్ట్రాలకు పంపకపోతే అటు యజమాని, ఇటు ఏజెంటు జాగ్రత్తపడిపోతారు.

పైగా పిల్లలను దించిన ఆర్పీఎఫ్‌కు ఈ నేరాన్ని దర్యాప్తు చేసే అధికారం లేదు. అది రాష్ట్ర ప్రభుత్వం కింద ఉండే జీఆర్పీ (రైల్వే పోలీసు) పని. జీఆర్పీ పరిధి రైలు పట్టాలను బట్టి, కమిటీ పరిధి జిల్లాను బట్టి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా అయింది కాబట్టి చిత్తూరులో దించితే ఒక కమిటీ, రేణిగుంటలో దించితే మరొకటి. రైలు మాత్రం ఒకటే.

అయితే ఇల్లా కేసా అని ఏదో ఒకటి ఎంచుకోవలసిన పని లేదని నా వాదన. 2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టవచ్చు. పిల్లలు ఇక్కడ ఉండగానే అదే సంహిత 183 కింద మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం తీసుకోవచ్చు. విచారణ సమయానికి వాళ్లు మళ్లీ ఇక్కడికి రానక్కరలేదు. అక్రమ రవాణాకు గురైన బాలల సాక్ష్యం వాళ్ల సొంత జిల్లా నుంచే వీడియోలో నమోదు చేయడానికి 2022లో సుప్రీంకోర్టు ఒక పద్ధతి ఆమోదించింది. అక్కడి కోర్టు ప్రాంగణమో న్యాయసేవాధికార సంస్థ కార్యాలయమో వేదికవుతుంది. పిల్లవాడు ఇంట్లో, సాక్ష్యం కోర్టులో. రెండూ కుదురుతాయి.

కాళహస్తి టీచరు

కుదురుతాయి సరే, కుదిర్చేది ఎవరండీ? మేజిస్ట్రేటుకు దరఖాస్తు పోలీసు పెట్టాలి. పిల్లవాణ్ని తీసుకురావడానికి హోంకు కమిటీ చెప్పాలి. సొంత జిల్లా కమిటీకి ఇక్కడి జిల్లా బాలల పరిరక్షణ విభాగం రాయాలి. వీడియో గదిని అవతలి కోర్టు ఏర్పాటు చేయాలి. అందరూ తమ వంతు ఉత్తరం రాసి ఫైలు మూస్తారు. ఉత్తరం చేరిందో లేదో కనుక్కోవడం ఎవరి ఉద్యోగమూ కాదు.

సత్యవేడు

మీరంతా రైలు దగ్గరే ఆగిపోయారు. మా వైపు పిల్లలు రైలెక్కరు, టికెట్ కొనరు. బాతుల మంద వెంట నడిచి పోతారు. 2025లో పత్రికల్లో వచ్చిన సంగతి మరిచిపోయారా? ఒక యానాది గిరిజన కుటుంబం అప్పు తీర్చలేక బాతుల యజమాని దగ్గర పనిచేసింది. వాళ్లు వెళ్లిపోతామంటే కొడుకును తాకట్టుగా ఉంచుకున్నాడు. చివరికి ఆ పిల్లవాడి శవం తమిళనాడు సరిహద్దు దాటాక కాంచీపురం వైపు పాతిపెట్టిన చోట బయటపడింది. ఏ స్టేషన్‌లో ఏ ఆపరేషన్ వాణ్ని కాపాడగలిగేది?

టీచరు గారూ, మీరు ముందు ఇంటికి అంటారు. ఆ పిల్లవాడికి అప్పు పుట్టిందే ఇంట్లో. వకీలు గారు కేసు అంటారు. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లోనే వచ్చింది. దాని కింద విడుదల పత్రం ఇవ్వవలసింది రెవెన్యూ వాళ్లు, అంటే సబ్ కలెక్టరో ఆర్డీఓనో. ఆ పత్రం ఉంటే పాత అప్పు చెల్లదు, వెంటనే 30 వేల రూపాయల దాకా సాయం అందాలి. కేంద్ర పథకంలో ఆపైన వచ్చేది పురుషులకు లక్ష, మహిళలకూ పిల్లలకూ రెండు లక్షలు, మరీ దారుణమైన సందర్భాల్లో మూడు లక్షలు. కానీ ఈ పెద్ద మొత్తాన్ని కేసు ఫలితానికి ముడిపెట్టారు. పోలీసు ఎఫ్ఐఆర్‌లో ఆ చట్టం సెక్షన్లు పడకపోతే, రెవెన్యూ వాళ్లకు కబురు వెళ్లకపోతే, కుటుంబం ఉత్త చేతులతో అదే గుడిసెకు వెళ్తుంది. వచ్చే ఏడాది మళ్లీ అడ్వాన్సు. పోలీసు రాసే సెక్షన్ అంకెల మీద ఆ ఇంటి బియ్యం ఆధారపడి ఉన్నాయి.

అలిపిరి 517

అయితే ఇంకో సమన్వయ కమిటీ వేద్దాం. ఫ్లెక్సీ ఖర్చు నాది.

భాకరాపేట అక్క

కువైట్ ఇళ్ల పనికి విజిటింగ్ వీసా మీద వెళ్లి ఇరుక్కున్న ఆడవాళ్ల సంగతి కూడా ఇందులోదే కదా? ముప్పయ్యేళ్లు దాటని, పది చదవని ఆడవాళ్లను అక్కడ ఇంటిపనికి పంపకూడదని కేంద్రం నిబంధన ఉన్నా ఏజెంట్లు దొడ్డిదారి చూపిస్తున్నారు.

పాకాల జంక్షన్

అక్కా, అది దీనంత పెద్ద విషయం, విదేశాంగ శాఖ దాకా పోతుంది. వేరే చర్చగా పెట్టండి, తప్పక రాస్తాను.

టీచరు గారు అడిగిన ప్రశ్నకు వస్తాను, ఎందుకంటే అసలు ముడి అక్కడే ఉంది. మానవ అక్రమ రవాణా నిరోధక విభాగాలు కేంద్ర హోంశాఖ సాయంతో 2010 నుంచి ఏర్పాటవుతూ వచ్చాయి. అన్ని శాఖలనూ కలిపేది అవేనన్నారు. కానీ అందులో ఉండేది పోలీసు అధికారి. ఆయన ఆర్డీఓకు ఆజ్ఞ ఇవ్వలేడు, కార్మిక శాఖకు ఇవ్వలేడు. బాలల సంక్షేమ కమిటీకి మేజిస్ట్రేటు అధికారాలున్నాయి కాబట్టి దానికి అసలే ఇవ్వలేడు. కలెక్టరు అందరినీ పిలవగలరు. కానీ కలెక్టరుకు ఇలాంటి సమావేశాలు రోజుకెన్నో.

అందుకని నాకు కావలసింది కమిటీ కాదు, ఒక పేరు. పిల్లలను దించిన ప్రతి సంఘటనకూ ఒక నంబరు, ఆ నంబరుకు ఒక మనిషి. బాలల పరిరక్షణ విభాగంలోని ఉద్యోగి కావచ్చు, హోదా చిన్నదైనా పరవాలేదు. జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌కు బదిలీ అయింది, వాంగ్మూలం అయిందా, విడుదల పత్రం వచ్చిందా, సొంత జిల్లా కమిటీ పిల్లవాణ్ని బడిలో చేర్పించిందా, ఇవన్నీ ఆ మనిషే అడగాలి. తీర్పు వచ్చేదాకా ఆ నంబరు మూతపడకూడదు. బదిలీ అయితే తర్వాతివాడి పేరు ఎక్కాలి. రైల్వేలో ఒక్క పెట్టె పార్సిల్ తప్పిపోతే ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో సంతకాలతో సహా చూపిస్తాం.

చిత్తూరు వకీలు

పేరు పెట్టడం బాగానే ఉంది. పేరుతో పాటు అధికారం ఇవ్వకపోతే ఆ చిన్న ఉద్యోగే అందరి తిట్లూ తింటాడు. కనీసం పెండింగ్ జాబితాను నెలనెలా జిల్లా జడ్జి ముందు పెట్టే వీలుండాలి. జడ్జి అడిగితే జవాబు రాకుండా ఉండదు. బాలల అక్రమ రవాణా కేసుల విచారణ ఆరు నెలల్లో ముగించాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అన్నది కాబట్టి, న్యాయస్థానానికి కూడా ఆ జాబితా అవసరమే.

కాళహస్తి టీచరు

జడ్జి గారి ముందు పెట్టండి, కాదనను. ఒక షరతు. ఆ నంబరు పక్కన మొదటి గడిలో ‘సెక్షన్’ కాదు, ‘పిల్లవాడి భాష’ అని ఉండాలి. సంతాలీ వచ్చిన మనిషిని వెతికాకే వాంగ్మూలం. మేస్త్రీకి వచ్చిన హిందీలో అడిగితే పిల్లలు మేస్త్రీ నేర్పిన జవాబే చెబుతారు. మా నాన్నే పంపాడు, ఇష్టంతోనే వెళ్తున్నాను అని.

సత్యవేడు

యానాది పిల్లలకు తెలుగే వచ్చు టీచరు గారూ. అయినా ఎవరూ అడగలేదు. మీ జాబితాలో రైలెక్కని పిల్లలకు నంబరు ఎవరిస్తారో కూడా రాయండి. గ్రామ సచివాలయంలో ఎవరికైనా ఆ పని అప్పగిస్తే తప్ప బాతుల మంద వెంట వెళ్లినవాడు ఎవరి లెక్కలోకీ రాడు. బడి హాజరు పట్టీలో వరుసగా గైర్హాజరు పడినప్పుడే అడగాలి.

పాకాల జంక్షన్

రెండూ చేర్చి అర్జీ రాస్తున్నాను. కలెక్టరు గారికి ఒక ప్రతి, న్యాయసేవాధికార సంస్థకు ఒక ప్రతి. వకీలు గారూ, దుబాసీ ఖర్చు ఏ పద్దు కింద అడగాలో చెప్పండి. ఆ ఒక్క వాక్యం ఖాళీగా ఉంది.

చిత్తూరు వకీలు

న్యాయసేవాధికార సంస్థనే అడగండి. పోలీసు పద్దులో అడిగితే ఎస్కార్టు డబ్బుల్లోంచి కోస్తారు.