మన కంపెనీ ఇన్సూరెన్స్‌ని సాటి కంపెనీలతో పోల్చాలంటే ఏం చూడాలి?

కొత్త_లెక్కలు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. ప్లాస్టిక్ విడిభాగాలు తయారుచేసే ఒక మధ్యతరహా కంపెనీలో ఫైనాన్స్ చూస్తుంటాను. ఇన్సూరెన్స్ పని ఇదివరకు ఇంకొకాయన చూసేవారు, ఆయన రిటైరయ్యాక ఆ ఫైళ్లన్నీ నా టేబుల్ మీదకి వచ్చి పడ్డాయి. ఇంకో పది వారాల్లో రెన్యువల్. మొన్న మీటింగ్‌లో మా ఎండీ గారు ఒక్కటే అడిగారు: "మనలాంటి కంపెనీలు ఎంత కవర్ తీసుకుంటున్నాయి, ఎంత కడుతున్నాయి, మనం ఎక్కువ కడుతున్నామా?" నా దగ్గర జవాబు లేదు.

బ్రోకర్‌ని అడిగితే రెండు పేజీల రిపోర్ట్ పంపించారు, నిండా బార్ చార్ట్‌లే. మా లయబిలిటీ లిమిట్ (మా వల్ల ఇతరులకి నష్టం జరిగితే ఇన్సూరెన్స్ ఇచ్చే గరిష్ఠ మొత్తం) సాటి కంపెనీల మధ్యస్థం కంటే కాస్త పైన ఉందట, ప్రాపర్టీ ప్రీమియం కింది పాతిక శాతంలో ఉందట. కవర్ ఎక్కువ, కట్టేది తక్కువ, ఇంకేం కావాలి అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. రాత్రి ఇంటికెళ్లాక మళ్లీ తీసి చదువుతుంటే పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "పోల్చిన కంపెనీల సంఖ్య: 11" అని కనిపించింది. ఆ పదకొండు ఎవరో, వాళ్లు ప్లాస్టిక్ వాళ్లో రేకు డబ్బాలు చేసేవాళ్లో, లెక్కలు ఏ సంవత్సరానివో ఎక్కడా లేదు. అప్పట్నుంచి టెన్షన్ పట్టుకుంది.

నేను అడిగేది ఇది. ఇలాంటి పోలికని ఎంతవరకు నమ్మొచ్చు? బ్రోకర్‌ని ఏమేం అడగాలి? ఎండీ గారికి ఏ అంకె చూపిస్తే అది నిజమైన జవాబు అవుతుంది? ఈ పని చేసిన అనుభవం ఉన్నవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

పాత_అండర్‌రైటర్ జవాబు:

అడుగున ఉన్న ఆ చిన్న అక్షరాలు చదివారు చూడండి, అక్కడే సగం పని అయిపోయింది. నేను పదిహేనేళ్లకు పైగా అవతలి వైపు, అంటే ప్రీమియం రేటు వేసే సీటులో కూర్చున్నాను, అందుకని ఆ వైపు నుంచి చెబుతాను.

పదకొండు కంపెనీల్లో కింది పాతిక శాతం అంటే ఎంతమంది? ఇద్దరో ముగ్గురో. అందులో ఒకరు వచ్చే ఏడాది బ్రోకర్‌ని మార్చుకుంటే మీ స్థానం కూడా మారిపోతుంది, మీ కంపెనీలో ఏమీ మారకపోయినా సరే. ఎందుకంటే ఆ డేటా సాధారణంగా ఆ బ్రోకర్ దగ్గర పాలసీలు తీసుకున్నవాళ్లది, మొత్తం పరిశ్రమది కాదు. ఇందులో మోసం ఏమీ లేదు, వాళ్ల దగ్గర ఉన్నదే ఇస్తారు. కానీ అది తెలుసుకుని చదవాలి.

ఇక సాటి కంపెనీ అంటే ఎవరు అన్న ప్రశ్న. "తయారీ రంగం, ఇంత టర్నోవర్" అని రెండు గళ్లు నింపి జాబితా తీస్తే మీకూ రేకు డబ్బాల వాళ్లకూ ఒకే లెక్క పడుతుంది. రిస్క్ చూసి రేటు వేసే అండర్‌రైటర్‌కి మాత్రం మీరిద్దరూ ఎక్కడా ఒకటి కాదు. ప్లాస్టిక్ గుళికలు, తయారైన సరుకు ఒకే షెడ్డులో పేర్చి ఉంటే నిప్పు ఎలా అంటుకుంటుందో రేకుకి అలా అంటుకోదు. స్ప్రింక్లర్లు ఉన్నాయా, ఒకే చోట ఫ్యాక్టరీయా మూడు చోట్లా, మీ విడిభాగం కారు బ్రేకులో పడుతుందా కుర్చీ కాలికి పడుతుందా, సరుకు అమెరికాకి వెళ్తుందా (అక్కడ ప్రోడక్ట్ లయబిలిటీ దావాలు వేరే స్థాయిలో ఉంటాయి), గత అయిదేళ్ల క్లెయిమ్‌లు ఎలా ఉన్నాయి, ఇవన్నీ దగ్గరగా ఉన్నవాళ్లే మీ సాటి. అలా వడపోస్తే పదకొండులో నలుగురు మిగలొచ్చు. నలుగురైనా పర్వాలేదు, ఆ నలుగురి గురించి బాగా తెలిస్తే చాలు.

సంవత్సరం కూడా అడగండి. 2019 నుంచి 2021 దాకా కంపెనీల ఇన్సూరెన్స్ రేట్లు ప్రపంచమంతా గట్టిగా పెరిగాయి. ఆ పెరుగుదలకి ముందు కట్టిన ప్రీమియంలు, తర్వాత కట్టినవి ఒకే బార్‌లో కలిపేస్తే ఆ బార్‌కి అర్థం లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, మొత్తం ప్రీమియంని పక్కపక్కన పెట్టి పోల్చకండి. ప్రాపర్టీ అయితే సమ్ ఇన్సూర్డ్‌లో (పాలసీలో రాయించిన ఆస్తి విలువ) ప్రతి వెయ్యికి ఎంత రేటు పడిందో చూడాలి, లయబిలిటీ అయితే టర్నోవర్ మీద చూడాలి. దాని పక్కనే డిడక్టిబుల్ ఉండాలి. మొదటి నష్టం ఎంతవరకు మీరే భరిస్తారో తెలియకుండా ప్రీమియం తక్కువా ఎక్కువా అని చెప్పడం కుదరదు. మీ ప్రాపర్టీ ప్రీమియం తక్కువ ఉందంటే రేటు బాగా దొరికి ఉండొచ్చు, లేదా మీరు చూపించిన ఆస్తి విలువే తక్కువై ఉండొచ్చు. చార్ట్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి.

గోడౌన్_మనిషి జవాబు:

పై ఆయన చివర్లో చెప్పిన రెండో సంగతి మాకు జరిగింది. ఇది రాయడం నాకు తేలిక కాదు, కానీ మీరు రెన్యువల్‌కి ముందు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

మాదీ తయారీ కంపెనీయే. మాకూ ఇలాగే పోలిక రిపోర్ట్ వచ్చింది, అందులో అంతా సవ్యంగానే ఉంది, మేం సరిగ్గా మధ్యలో ఉన్నాం. ఏడాది తిరక్కుండానే ఒక షెడ్డులో అగ్నిప్రమాదం జరిగింది. మనుషులకి ఏమీ కాలేదు, అదొక్కటే నేను ఇప్పటికీ దేవుడికి దండం పెట్టుకునే విషయం. మర్నాడు నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చారు. కరిగిపోయిన ట్రేలు నేలకి అంటుకుపోయి ఉన్నాయి, నీళ్లలో తడిసిన స్టాక్ రిజిస్టర్ పేజీలు ఒక్కొక్కటి విడదీసి ఎండబెడుతున్నాం. ఆయన కాలిపోయిన మౌల్డింగ్ మెషీన్ దగ్గర నిలబడి దాని ఇన్వాయిస్ అడిగారు. తొమ్మిదేళ్ల కిందటిది ఇచ్చాం. దాన్ని చూసి పక్కన పెట్టి, "ఇదే మెషీన్ ఇవాళ కొత్తది కొంటే ఎంత?" అని అడిగారు. మా ప్రొడక్షన్ మేనేజర్ అప్పటికప్పుడు సప్లయర్‌కి ఫోన్ చేసి కనుక్కుని చెప్పాడు. సర్వేయర్ ఆ అంకె రాసుకుని దాని కింద మా పాలసీలో ఉన్న అంకె రాశారు. ఆయన ఏమీ అనలేదు, కానీ ఆ రెండు అంకెలు చూడగానే నాకు కాళ్లలో సత్తువ పోయింది.

మా పాలసీ కొత్త వస్తువు ధర ఇచ్చే రకం, రీఇన్‌స్టేట్‌మెంట్ అంటారు. కానీ సమ్ ఇన్సూర్డ్ మాత్రం అకౌంట్స్ పుస్తకంలో తరుగుదల తీసేశాక మిగిలిన విలువ. ఎవరో ఎప్పుడో ఆ కాలమ్ నుంచి ఎత్తి రాశారు, తర్వాత అందరూ అదే కొనసాగించారు. అన్నీ లెక్కగడితే నిజమైన విలువ 100 అయితే మేం ఇన్సూర్ చేసింది 58. ఇలాంటప్పుడు యావరేజ్ క్లాజ్ వర్తిస్తుంది, అంటే కాలింది ఒక్క షెడ్డే అయినా ప్రతి వంద నష్టానికి 58 మాత్రమే ఇస్తారు, అందులోంచి మళ్లీ ఎక్సెస్ (పైన చెప్పిన డిడక్టిబుల్‌కే ఇంకో పేరు) తీసేస్తారు. మిగతాది మేం అప్పు చేసి పెట్టుకున్నాం.

తర్వాత ఆ పోలిక రిపోర్ట్ మళ్లీ చూశాను. మేం మధ్యలో ఎందుకున్నామంటే మిగతావాళ్లలో చాలామంది కూడా మాలాగే పాత విలువల మీద నెట్టుకొస్తుండాలి, నాకు ఇంకో కారణం కనిపించలేదు. కాబట్టి ముందు మీ సొంత విలువలు సరిచేసుకోండి, పోలిక ఆ తర్వాత.

కొత్త_లెక్కలు:

ఇది చదవగానే ఆఫీసులో ఫిక్స్‌డ్ అసెట్ రిజిస్టర్ తీసి పాలసీ పక్కన పెట్టాను. ప్లాంట్ అండ్ మెషినరీ సమ్ ఇన్సూర్డ్, రిజిస్టర్‌లో నాలుగేళ్ల కిందటి నికర విలువ, అంకెకి అంకె సరిపోయాయి. ఇప్పటికీ చెయ్యి వణుకుతోంది. మీరిద్దరూ ఇంత వివరంగా రాసినందుకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు.

క్లెయిమ్స్_డెస్క్ జవాబు:

విలువలు సరిచేశాక కూడా ఇంకో సంగతి ఉంది. ఏ బార్ చార్ట్‌లోనూ కనిపించనిది పాలసీ వర్డింగ్, అంటే పాలసీలో రాసిన షరతుల మాటలు. ఇద్దరి లిమిట్ ఒకటే ఉంటుంది, నష్టం వచ్చిన రోజున ఒకరికి డబ్బు వస్తుంది, ఇంకొకరు కోర్టుకి వెళ్తారు.

అమెరికా మందుల కంపెనీ మెర్క్ సంగతే తీసుకోండి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా సైబర్ దాడిలో వాళ్ల వేల కంప్యూటర్లు మూలపడ్డాయి, నష్టం సుమారు 140 కోట్ల డాలర్లని లెక్కవేశారు. వాళ్లకి ప్రాపర్టీ కవర్ దండిగానే ఉంది. కానీ కొందరు ఇన్సూరర్లు యుద్ధ చర్యల ఎక్స్‌క్లూజన్ (వీటి వల్ల వచ్చిన నష్టానికి కవర్ లేదనే షరతు) చూపించి ఇవ్వం అన్నారు. న్యూజెర్సీ అప్పీలు కోర్టు 2023 మేలో మెర్క్ వైపే తీర్పిచ్చింది, 2024 జనవరిలో మిగిలిన ఇన్సూరర్లతో రాజీ కుదిరింది. దాడి జరిగాక ఆరున్నరేళ్లు! లిమిట్ ఎంత అన్నది కాదు అక్కడ గొడవ, ఒక వాక్యానికి అర్థం ఏమిటన్నది. లండన్‌లోని ఇన్సూరెన్స్ మార్కెట్ లాయిడ్స్ కూడా 2023 మార్చి 31 నుంచి విడిగా ఇచ్చే సైబర్ పాలసీల్లో ప్రభుత్వాల అండతో జరిగే దాడులకు ఎక్స్‌క్లూజన్ ఉండాలని నియమం పెట్టింది. కాబట్టి అంతకు ముందు తీసుకున్న సైబర్ కవర్, తర్వాత తీసుకున్నది, అంకె ఒకటే అయినా ఒకటి కాదు.

మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ 2011 థాయిలాండ్ వరదలు. హార్డ్ డిస్క్ ఫ్యాక్టరీలు, కార్ల ఫ్యాక్టరీలు మునిగితే ఎక్కడెక్కడో దేశాల్లో ఒక్క నీటి చుక్క పడని కంపెనీలకి కూడా భాగాలు రాక ఉత్పత్తి ఆగిపోయింది. మీ గుళికల సప్లయర్ ఒక్కరే అయితే, ఆ సప్లయర్ ఆగితే మీరు పోగొట్టుకునే లాభం కవర్ అయ్యేలా సప్లయర్ ఎక్స్‌టెన్షన్ ఉందా, ఉంటే దాని సబ్ లిమిట్ (ఆ ఒక్క కవర్‌కి విడిగా పెట్టిన పరిమితి) ఎంత, అడగండి. వ్యాపారం ఆగిపోతే ఇచ్చే కవర్ ఎన్ని నెలలకో కూడా చూడండి. చాలామంది అలవాటుగా 12 నెలలు రాస్తారు. కొత్త మెషీన్ ఆర్డర్ ఇచ్చి, తెప్పించి, బిగించి, ఈలోపు వేరే వాళ్ల దగ్గరకి వెళ్లిపోయిన కస్టమర్లు తిరిగొచ్చేసరికి ఎంతకాలం పడుతుందో మీ ప్రొడక్షన్ వాళ్లని కూర్చోబెట్టి లెక్కవేయించండి.

రిస్క్_రిజిస్టర్ జవాబు:

అందరూ చెప్పింది నిజమే కానీ పోలికని పూర్తిగా పక్కన పడేయకండి, అది కూడా పొరపాటే. ఆస్తికి విలువ కట్టొచ్చు, నెలలు లెక్కపెట్టొచ్చు. డైరెక్టర్ల మీద ఎవరైనా దావా వేస్తే ఎంత అవుతుందో దేన్ని కొలిచి చెబుతారు? అలాంటి చోట సాటి కంపెనీలు ఎంత లిమిట్ తీసుకున్నాయి, అలాంటి దావాలు ఎంతకి తేలాయి అన్నవే మనకి ఆధారం. అక్కడ ఆ చార్ట్ చాలా ఉపయోగం.

ఎండీ గారికి ఏ అంకె అన్నారు కదా. ప్రీమియం ఒక్కటే చూపించకండి. ప్రీమియంలు, డిడక్టిబుల్ కింద మీరే భరించిన నష్టాలు, బ్రోకర్ ఫీజు, ఈ పని చూసే మనుషుల ఖర్చు అన్నీ కలిపి టర్నోవర్‌లో ప్రతి వెయ్యికి ఎంత అయిందో తీయండి. రిస్క్ మేనేజర్ల సంఘం రిమ్స్ కూడా తన సర్వేల్లో ఈ పద్ధతే వాడుతుంది, టోటల్ కాస్ట్ ఆఫ్ రిస్క్ అంటారు. మీ కంపెనీది అయిదేళ్లకి వరసగా వేసి చూపించండి. నా దృష్టిలో పక్క కంపెనీతో పోలిక కంటే మీ నిన్నటితో మీ పోలికే ఎక్కువ చెబుతుంది.

ఒక జాగ్రత్త. మీ లయబిలిటీ లిమిట్ ఎంతో బయటి వాళ్ల దగ్గర, ఇలాంటి చోట కూడా, రాయకండి. దావా వేసేవాళ్లకి అది తెలిస్తే అడిగే మొత్తం అక్కడి నుంచే మొదలవుతుంది.

కొత్త_లెక్కలు:

ఇవాళ పొద్దున ఎండీ గారి దగ్గరకి చార్ట్ పట్టుకెళ్లలేదు, రిజిస్టరూ పాలసీ కాపీ మాత్రమే పట్టుకెళ్లాను. రెండు అంకెల కింద గీత గీసి చూపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాల్యుయర్‌ని పిలవమన్నారు, సోమవారం నుంచి మెషీన్లన్నిటికీ ఇవాళ్టి ధరలు తీస్తున్నాం. విలువ పెంచడం రెన్యువల్ దాకా ఆపకుండా ఇప్పుడే ఎండార్స్‌మెంట్ (నడుస్తున్న పాలసీలో మార్పు) వేయించమని బ్రోకర్‌కి మెయిల్ పెట్టాను. ఆ పదకొండు కంపెనీలు ఏ పని చేస్తాయో, లెక్కలు ఏ ఏడాదివో, డిడక్టిబుల్స్ ఎంతో కూడా అదే మెయిల్‌లో అడిగాను, పేర్లు అక్కర్లేదన్నాను. సప్లయర్ ఎక్స్‌టెన్షన్ మా పాలసీలో లేదు, వెతికి చూశాను. దానికి కొటేషన్ వచ్చాక మళ్లీ ఇక్కడే అడుగుతాను.